లింకు లేదండీ!

బ్యాంకుకు వెళ్ళిన ప్రతివారూ ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట విని ఉంటారు: "లింకు లేదండీ, కాసేపు కూర్చోండి." కౌంటరుకు ఇవతలినుంచి మీరు విని ఉంటారు. అవతలినుంచి నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. చెప్పినప్పుడల్లా ఈ లింకు అనేది ఎక్కడుంటుంది, ఎలా తెగుతుంది, తెగితే ఎవరు అతుకుతారు అని కుతూహలంగా ఉండేది. నేను బి.కాం. చదివినవాణ్ణి, జమాఖర్చులు తప్ప తీగల సంగతి తెలియనివాణ్ణి. అయినా అడిగి తెలుసుకున్న నాలుగు మాటలు మన పత్రిక చదువరులతో పంచుకోవాలనిపించింది. మన సంఘంలో ఇంజనీర్లు చాలామంది ఉన్నారు. వారు నవ్వుకున్నా ఫరవాలేదు గానీ పేజీ తిప్పేయవద్దని మనవి.

మా తాతగారి కాలంలో చిత్తూరు వైపునుంచి వచ్చి ధర్మపురిలో స్థిరపడ్డ కుటుంబం మాది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, సంతలో ఆ రెండూ కాక కన్నడం. నాన్నగారిది చింతపండు వ్యాపారం. 1980 ప్రాంతంలో సేలం మండీలో ధర కనుక్కోవాలంటే పొద్దున్నే ట్రంకాల్ బుక్ చేసి, పక్కనున్న మందుల షాపులో స్టూలు వేసుకుని కూర్చునేవారు. ఒక్కోసారి లైను దొరికేది కాదు. అప్పుడు ఎక్స్ఛేంజిలోని ఆపరేటరమ్మ, "సేలం లైను బిజీగా ఉంది సార్, బెంగళూరు మీదుగా చూస్తాను, రిసీవరు పెట్టేయకండి" అనేది. ఆమె ముఖం నేనెన్నడూ చూడలేదు. ఒక దారి మూసుకుంటే ఇంకో దారి వెతకడమనే ఆ పనిని ఇప్పుడు సాఫ్ట్‌వేర్లు చేస్తున్నాయని, దానికి పెద్ద పెద్ద పేర్లున్నాయని చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు.

ఈ ఆపరేటర్లను తప్పించిన పెద్దమనిషి కథ ఒకటి చెప్పి ముందుకు వెళతాను. ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి కనిపెట్టిన ఆల్మన్ స్ట్రౌజర్ అమెరికాలో శవసంస్కారాల వ్యాపారి. తనకు రావలసిన ఫోన్లను ఆపరేటరు పోటీ వ్యాపారికి కలుపుతోందని అనుమానం వచ్చి, అసలు ఆపరేటరే అక్కరలేని యంత్రం తయారు చేశాడంటారు. 1891లో పేటెంటు, మరుసటి ఏడు ఇండియానా రాష్ట్రంలోని లా పోర్టులో మొదటి ఎక్స్ఛేంజి. అంటే మనిషిమీద అపనమ్మకంతో పుట్టిన యంత్రమన్నమాట! బ్యాంకు వాణ్ణి కనుక ఈ కథ నాకు భలే నచ్చింది. మా వృత్తిలో సగం నియమాలు అలా పుట్టినవే.

మన దేశం సంగతికి వస్తే, శామ్ పిట్రోడా చొరవతో 1984లో సి-డాట్ ఏర్పడింది. వారు తయారు చేసిన 128 లైన్ల గ్రామీణ ఎక్స్ఛేంజి 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదలైంది. దానికి ఏసీ గది అక్కరలేదు. మన పల్లెటూళ్ళ దుమ్మునూ ఎండనూ ముందే లెక్కలో వేసుకుని చేసిన యంత్రమది. కష్టం వచ్చాక తట్టుకోవడం ఒక ఎత్తు, వస్తుందని ముందే తెలిసి దానికి తగ్గట్టు తయారు కావడం ఇంకో ఎత్తు.

మా చెల్లెలి కొడుకు బెంగళూరులో ఒక టెలికాం కంపెనీ నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్లో పని చేస్తాడు. పండుగకు వచ్చినప్పుడు అడిగాను. "రాత్రంతా ఆ తెరమీద ఏం చూస్తుంటావురా?"

"అలారాలు మామయ్యా. ఒక్క కేబులు తెగిందంటే దానిమీద ఆధారపడ్డ పరికరాలన్నీ ఒక్కసారి అరుస్తాయి. వందలు, ఒక్కోసారి వేలు. మునుపు మనుషులే వాటిని ఏరి అసలు జబ్బు ఎక్కడుందో పట్టేవారు. ఇప్పుడు సాఫ్ట్‌వేరే అన్నిటినీ ఒక కట్టగా కట్టి, తెగింది ఇక్కడ అని ఒక్క ఫిర్యాదుగా రాసిపెడుతుంది. ఫీల్డు వాళ్ళకు మెసేజి కూడా అదే పంపుతుంది."

"మరి అతికేదాకా మాటలన్నీ ఆగిపోవలసిందేనా?"

వాడు వాళ్ళ అత్తనడిగి ఒక గాజు తీసుకుని బల్లమీద పెట్టాడు. "ఇది రింగు. ధర్మపురి ఇక్కడ, సేలం ఇక్కడ, కృష్ణగిరి ఇక్కడ అనుకో. ఈ పక్కన తెగితే మాటలన్నీ ఆ పక్కనుంచి చుట్టి వెళతాయి. ఎవరూ మీట నొక్కనక్కరలేదు. 50 మిల్లీసెకండ్లలో దానంతటదే మారిపోతుంది."

కన్ను మూసి తెరిచేలోపలే. నాకు ఆపరేటరమ్మ గుర్తొచ్చింది.

"రెండు పక్కలా తీగ ఒకే గోతిలో ఉంటేనో?" అన్నాను. వాడు గాజు వాళ్ళ అత్త చేతికిచ్చేసి, "అప్పుడది గాజు కాదు మామయ్యా, మడిచిన తీగ" అన్నాడు.

నేనలా అడగడానికి కారణం ఉంది. 2018 వేసవిలో ధర్మపురి ఊరి చివర ఒక శాఖకు నేను మేనేజరుగా ఉండేవాణ్ణి. మా శాఖకు రెండు లింకులు. రెండు వేర్వేరు కంపెనీలవి, రెండింటికీ విడివిడిగా బిల్లులు. ఒకటి పోతే రెండోది దానంతటదే అందుకుంటుందని కాగితాల్లో స్పష్టంగా ఉంది. ఒక సోమవారం పదిన్నర దాటాక రెండూ ఒకేసారి పోయాయి. రోడ్డు వెడల్పు చేసే కాంట్రాక్టరు జేసీబీ ఒక్క గుద్దుతో రెండు కేబుళ్ళనూ లేపేసింది. తర్వాత తెలిసిందేమంటే, రెండో కంపెనీ మొదటి కంపెనీ గొట్టంలోనే చోటు అద్దెకు తీసుకుందట!

హాలునిండా జనం. ఉపాధి హామీ కూలి డబ్బులకోసం వచ్చినవారు, నగల లోను తిరగరాయడానికి వచ్చినవారు, పెన్షన్ల ముసలివారు. వారిలో ఒక పెద్దావిడ తిన్నగా నా గదిలోకి వచ్చింది. కూతురిని కాన్పుకు సేలం ఆసుపత్రిలో చేర్చారు. "ఆపరేషను చెయ్యాలంటాండారప్పా. ఇరవై వేలు కావాల" అంది. విషయం చెప్పాను. ఆవిడ పాసుబుక్కు నా బల్లమీద పెట్టి, "నా దుడ్లు నాకిచ్చేదానికి తీగ ఎందుకప్పా?" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఒకప్పుడైతే ఆవిడ లెడ్జరు పేజీ నా వెనక బీరువాలోనే ఉండేది. ఇప్పుడు ఆవిడ లెక్క ఎక్కడో దూరాన ఒక డేటా సెంటర్లో ఉంది. నా ముందున్నది ఖాళీ తెర.

మా బల్లమీద పాత ల్యాండ్‌లైను ఒకటి ఉండేది. ఖర్చు దండగ, తీసేయమని పైనుంచి రెండుసార్లు ఉత్తరం వచ్చింది కూడా. ల్యాండ్‌లైనుకు కరెంటు మన ఇంటినుంచి కాదు, ఎక్స్ఛేంజిలోని 48 వోల్టుల బ్యాటరీలనుంచి రాగి తీగమీదే వస్తుంది. ఊళ్ళోనే ఉన్న మా మెయిన్ బ్రాంచికి ఫోను చేశాను. వారికి మేడమీద ఉపగ్రహ గొడుగు ఉంది కనుక లింకు పోలేదు. అక్కడి మేనేజరు ఆవిడ ఖాతా తెరిచి, నిల్వ చెప్పి, ఇరవై వేలమీద లీన్ వేశారు, అంటే ఆ మొత్తం ఇంకెవరూ తీయకుండా కట్టేశారన్నమాట. నేను పాసుబుక్కులో ఫొటో సరిచూసి, చేతితో వోచరు రాసి, వేలిముద్ర వేయించి, నా అధికారంమీద డబ్బిచ్చాను. మొత్తం పావుగంట పట్టింది. అత్యవసరం ఉన్న మరి కొందరికీ అలాగే చేశాం. తక్కినవారిని ఆటోల్లో మెయిన్ బ్రాంచికి పంపాం. లింకు సాయంత్రం ఆరింటికి వచ్చింది. మూడు వారాల తర్వాత పెద్దావిడ మళ్ళీ వచ్చి, మనవడు పుట్టాడని, తల్లీబిడ్డా క్షేమమని చెప్పి వెళ్ళింది.

ఆ గొడుగు సంగతి కూడా చెప్పాలి. 1999 జూన్‌లో బ్యాంకులన్నిటికోసం ఇన్‌ఫినెట్ అనే నెట్‌వర్కు మొదలైంది. దాన్ని నడిపింది రిజర్వు బ్యాంకు హైదరాబాదులో నెలకొల్పిన ఐ.డి.ఆర్.బి.టి. అనే సంస్థ. మొదట్లో అది ఉపగ్రహంమీదే నడిచింది. తర్వాత ఫైబరు వేగానికి అలవాటుపడి గొడుగులను పాత సామానులా చూడసాగాం. నిజమే, ప్రశ్న పైకి వెళ్ళి జవాబు కిందికి రావడానికి అర సెకను పడుతుంది. కానీ 36 వేల కిలోమీటర్ల ఎత్తుకు ఏ జేసీబీ చెయ్యీ అందదు.

మా స్ట్రాంగ్ రూముకు రెండు తాళాలుంటాయి, రెండు చెవులు ఇద్దరి దగ్గర ఉండాలి. రెండూ ఒకే జేబులో కనిపిస్తే ఆడిటరు నిలువునా కడిగేస్తాడు. రెండు లింకులు ఒకే గోతిలో ఉన్నాయా అని మాత్రం ఏ ఆడిటరూ నన్ను అడగలేదు. బిల్లులు రెండున్నాయా లేదా అని చూసి టిక్కు పెట్టి వెళ్ళారు.

ఇది మన దేశపు జబ్బు మాత్రమే అనుకోకండి. కెనడాలో ఉన్న మనవాళ్ళకు 2022 జూలై 8 గుర్తుండే ఉంటుంది. రోజర్స్ కంపెనీ నెట్‌వర్కులో మార్పులు చేస్తుండగా ఒక సెట్టింగు తీసేయడంతో దారుల సమాచారం వరదలా వచ్చి ముఖ్యమైన రూటర్లను ముంచేసింది. కోటిమందికి పైగా ఫోను, ఇంటర్‌నెట్టు రెండూ పోయాయి. అత్యవసర నంబరు 911 చాలామందికి అందలేదు. దేశమంతా డెబిట్ కార్డు చెల్లింపులు ఆగాయి. పైగా బాగుచేయవలసిన ఇంజనీర్లు యంత్రాల దగ్గరికి చేరే దారి కూడా ఆ నెట్‌వర్కులోనే ఉంది. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టు!

ఇంకా పాత ముచ్చట 1990 జనవరి 15ది. అమెరికాలో ఏ.టి. అండ్ టి. వారి స్విచ్చి ఒకటి చిన్న లోపం వచ్చి, తనను తానే సరిచేసుకుని, "నేను బాగయ్యాను" అని పక్కవాటికి కబురు పంపింది. ఆ కబురు అందుకునే ప్రోగ్రాములో ఒక పొరపాటు ఉండడంతో పక్కవీ కుదేలయ్యాయి. అవి కోలుకుని మళ్ళీ కబురు పంపాయి. ఇలా దేశంలోని 114 స్విచ్చులూ ఒకదాన్నొకటి పడగొట్టుకుంటూ తొమ్మిది గంటలు గడిచాయి. అన్నిటిలోనూ ఒకే ప్రోగ్రాము కదా. మనిషి పొరపాటు చేస్తే ఒక లెడ్జరు చెడుతుంది, యంత్రానికి నేర్పిన పొరపాటు అన్ని లెడ్జర్లలోనూ ఒకేసారి పడుతుంది. అయినా నేను ఆటోమేషన్‌కు వ్యతిరేకిని కాను. వేల అలారాలలోంచి ఒక్కదాన్ని ఏరడం మనిషివల్ల అయ్యే పని కాదు, మా మేనల్లుడు కాస్త నిద్రపోతున్నాడంటే దాని పుణ్యమే.

పొద్దున నాతో నడకకు వచ్చే మిత్రులొకరు టెలిఫోను శాఖలో పనిచేసినవారు. 2020 జనవరి 31న బి.ఎస్.ఎన్.ఎల్.లో సుమారు 78 వేలమంది స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు కదా, వారిలో ఆయనొకరు. కేబులు తెగిన చోటు పట్టడానికి ఓ.టి.డి.ఆర్. అనే పరికరం ఉంది. ఫైబరులోకి వెలుగు కొట్టి, అది తిరిగి రావడానికి పట్టిన కాలాన్నిబట్టి దూరం చెబుతుంది. "పదకొండున్నర కిలోమీటర్లని చెబుతుందండీ. అది ఫైబరు పొడుగు, రోడ్డు పొడుగు కాదు. గుంటల్లో చుట్టలు చుట్టి వదిలిన తీగ కూడా అందులో కలిసి ఉంటుంది. ఏ గుంటలో ఎంత చుట్ట ఉందో వేసినవాడికే తెలుసు" అన్నారాయన. అవన్నీ ఎక్కడైనా రాసి ఉన్నాయా అని అడిగితే తలమీద వేలు పెట్టి చూపించారు.

2023 మార్చిలో కేంద్ర ప్రభుత్వం, తవ్వేముందు చెప్పమంటూ ఒక యాప్ తెచ్చింది. తవ్వేవారు చోటు గుర్తు పెడితే, అక్కడ తీగలున్న కంపెనీలకు కబురు వెళుతుంది. మంచి ఏర్పాటే. జేసీబీ డ్రైవరు దాకా ఆ కబురు చేరాలి మరి.

ఇప్పుడు నేనున్న శాఖలో రెండో లింకు గాలిలో, టవరునుంచి వస్తుంది. నెలకొక మంగళవారం, రద్దీ తగ్గాక, పై ఆఫీసు అనుమతితో మెయిన్ కేబులు పీకిస్తాను. రెండోది అందుకుందో లేదో చూసి, తర్వాత దాన్నీ ఆపి, మెయిన్ బ్రాంచికి ల్యాండ్‌లైనులో ఫోను చేయించి ఒక ఉత్తుత్తి వోచరు చేతితో రాయిస్తాను. "సార్‌కి మంగళవారం వచ్చింది" అని నా వెనక నవ్వుకుంటారని తెలుసు. గుంటూరునుంచి కొత్తగా వచ్చిన ప్రొబేషనరీ ఆఫీసరు అమ్మాయి వోచరు చేతితో రాయడం ఇక్కడే మొదటిసారి చూసిందట. పోయిన నెల పంతొమ్మిది నిమిషాలు పట్టింది. వచ్చే నెల పదిలో చేసి చూపిస్తానని పందెం కాసింది.