పెద్దకొడుకు గడప దాటలేదు

క్రైస్తవ సినిమా అనగానే మనకు 1978 నాటి ‘కరుణామయుడు’ గుర్తొస్తుంది. సిలువ మోస్తూ నడిచే విజయచందర్ కళ్లముందు కదులుతారు. నా మనసు ఇంకోరకం సినిమాల మీదికి పోతుంది. వాటిలో క్రీస్తు ఎక్కడా కనిపించడు. ఆయన చెప్పిన మాట మాత్రం ఒక దొంగనో, పోలీసునో పట్టుకుని వదలదు.

విక్టర్ హ్యూగో 1862లో రాసిన ‘లే మిజరబుల్’ అలాంటి కథ. దాన్ని మనవాళ్లూ తీశారు. 1950లో కోయంబత్తూరు పక్షిరాజా వాళ్లు తీసిన ‘బీదల పాట్లు’లో ఖైదీ వేషం చిత్తూరు నాగయ్యది. దాని తమిళ రూపంలో పోలీసుగా వేసిన సీతారామన్‌కు ఆ పాత్ర పేరే ఇంటిపేరైంది. చివరిదాకా ఆయన ‘జావర్’ సీతారామనే.

అదే కథతో 2012లో టామ్ హూపర్ తీసిన సినిమాలో బిషప్ సన్నివేశం అందరికీ తెలిసిందే. రొట్టె దొంగిలించి, పారిపోబోయి పట్టుబడుతూ, మొత్తం 19 ఏళ్లు జైల్లో మగ్గిన వాల్జా, అన్నం పెట్టిన ఇంట్లోనే వెండి సామాను కాజేస్తాడు. పోలీసులు పట్టుకొస్తే బిషప్ అవి తానే ఇచ్చానంటాడు. పైగా కొవ్వొత్తుల సెమ్మెలు మరిచిపోయావేమని అవీ చేతిలో పెడతాడు. ఆ బిషప్‌గా నటించిన కోల్మ్ విల్కిన్సన్ 1985లో లండన్ రంగస్థలం మీద వాల్జా వేసినవాడే. ఒకప్పుడు క్షమాపణ అందుకున్న చేతులే ఇప్పుడు ఇస్తున్నాయి.

చాలామంది అక్కడే కళ్లు తుడుచుకుని ఆగిపోతారు. అసలు పరీక్ష తర్వాత వస్తుంది. వాల్జా పేరు మార్చుకుని మేయరయ్యాక, అతననుకుని ఇంకెవరినో కోర్టులో నిలబెడతారు. నోరు మూసుకుంటే చాలు, జన్మంతా నిశ్చింత. అయినా వెళ్లి, మీరు వెతికేది నన్నే అంటాడు. కృప అతని లెక్క కొట్టేసి ఊరుకోలేదు. తన బదులు ఇంకొకడు శిక్ష పడి పోతుంటే చూస్తూ ఉండలేని మనిషిని చేసింది.

ఇక వాల్జాను వెంటాడే పోలీసు జావర్. అతణ్ణి విలన్ అనడం నాకు నచ్చదు. లంచం ఎరగడు. తప్పిపోయిన కుమారుడి ఉపమానంలో పెద్దకొడుకు అతను. ఇన్నేళ్లు మాట జవదాటకుండా చాకిరీ చేసి, తమ్ముడి కోసం విందు జరుగుతుంటే ఇంట్లోకి రానని మొండికేస్తాడే, అతనే. తరతరాలుగా చర్చికి వెళ్లే మాలాంటి ఇళ్లలో ఆ పెద్దకొడుకులే ఎక్కువ. తిరుగుబాటు రోజున జావర్ ప్రాణం చేతికి చిక్కినా వాల్జా వదిలేశాడు. అది జావర్ లెక్కకు అందలేదు. ఆ తిరుగుబాటులో చచ్చినవాళ్లను వరసగా పడుకోబెట్టిన చోట, తన పతకం తీసి ఒక పసివాడి చొక్కాకు గుచ్చుతాడు. ఆ క్షణంలో గడప దాకా వచ్చాడనిపిస్తుంది. దాటలేక నదిలో దూకాడు.

మన సినిమాల్లో అయితే ఆఖరి రీలులో దుర్మార్గుడు కాళ్లమీద పడతాడు, అందరూ క్షమించేస్తారు. దెబ్బతిన్న మనిషిని అడిగేవాడే ఉండడు. అది కృప పేరుతో చేసే అన్యాయం. 1995లో టిమ్ రాబిన్స్ తీసిన ‘డెడ్ మ్యాన్ వాకింగ్’ ఆ తప్పు చేయదు. మరణశిక్ష పడ్డ హంతకుడి కోసం జైలుకు వెళ్లే సిస్టర్ హెలెన్, చనిపోయిన పిల్లల తల్లిదండ్రుల ఇళ్లకూ వెళుతుంది. తమ పక్షానికి వచ్చిందనుకున్న ఒక జంట, కాదని తెలిశాక బయటికి పొమ్మంటుంది. ఆమె తల వంచుకుని వెళ్తుంది. హంతకుణ్ణీ ఊరికే ఓదార్చదు, చేసింది ఒప్పుకోమని వెంటపడుతుంది. చివరికి అతణ్ణి బల్లకు కట్టి, చేతులు బారచాపి నిలబెట్టినప్పుడు మనకు సిలువ తోస్తుంది. అదే నిమిషంలో దర్శకుడు ఆ హత్యల్ని చూపిస్తాడు. ఒకరి మీద జాలితో ఇంకొకరిని మరవనివ్వడు.

చనిపోయిన కుర్రాడి తండ్రి డెలాక్రా హంతకుడి అంత్యక్రియలకు వచ్చి దూరంగా నిలబడతాడు. పగ పోలేదంటాడు, సిస్టర్‌కున్న విశ్వాసం తనకు లేదంటాడు. ఆ తర్వాత ఎప్పుడో ఆమెతో కలిసి ప్రార్థనకు మోకరిస్తాడు. అప్పటికైనా క్షమించాడో లేదో సినిమా చెప్పదు, ఆయన్ని తొందరపెట్టదు.