అంకెల వెనుక మనుషులు

వార్షిక సంచికకు ఏదైనా వ్రాయవలసిందని సంపాదకవర్గంవారు కోరినప్పుడు మేము మొదట సంకోచించాము. మేము ముగ్గురము. ముగ్గురమూ ఈ కళాశాల జీవశాస్త్ర విభాగంలో చదువుకున్నవారమే. ఒకరిది ఉర్దూ మాధ్యమం, ఇద్దరిది తెలుగు మాధ్యమం. ఇప్పుడు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒకే పని చేస్తున్నాము. ఆ పని ఏమిటో మా ఇండ్లలోనే చాలాకాలం ఎవరికీ అర్థం కాలేదు. “ఆసుపత్రిలో ఉద్యోగమంటున్నారు, డాక్టర్లా?” అని చుట్టాలు అడుగుతారు. కాదంటాము. “అయితే కంప్యూటరు ఇంజనీర్లా?” అదీ కాదంటాము. “మరైతే గుమాస్తాలన్నమాట” అని వారే తేల్చివేస్తారు. ఒకప్పుడు ఆ మాటకు నొచ్చుకునేవారము. ఇప్పుడు నొచ్చుకోవడం లేదు. ఎందుకో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మధుమేహం ఉన్నవారిలో కొందరికే మూత్రపిండాలు ఎందుకు దెబ్బతింటాయో తెలుసుకొనడానికి మా ఆసుపత్రిలో కొన్నేళ్ళుగా ఒక పరిశోధన సాగుతున్నది. ఏటేటా రోగులు వస్తారు. వారి వయసు, బరువు, రక్తపోటు, రక్తంలో చక్కెర, క్రియాటినిన్ ఒక పత్రంలో నమోదవుతాయి. కొంత రక్తం తీసి అందులోని డి.ఎన్.ఏ.ను పరీక్షకు పంపుతారు. ఈ సమాచారమంతటినీ ఒక పట్టికలోకి చేర్చి, సరిచూచి, భద్రపరచి, లెక్క కట్టడానికి అనువుగా శాస్త్రజ్ఞులకు అందించడం మా వంతు.

ఈ వృత్తికి గౌరవనీయమైన వంశవృక్షమే ఉన్నది. అమెరికాలో మార్గరెట్ డేహాఫ్ అనే విదుషీమణి, అప్పటికి తెలిసిన ప్రోటీన్ల నిర్మాణక్రమాలను వివిధ పత్రికలనుండి ఏరి, సరిపోల్చి, 1965లో ఒక గ్రంథంగా వెలువరించింది. అందులో ఉన్నవి 65 ప్రోటీన్లు మాత్రమే. అమైనో ఆమ్లాలకు ఒక్కొక్క అక్షరం చొప్పున గుర్తులు కల్పించిందీ ఆమెయే. ఈనాటికీ ప్రపంచమంతా ఆ అక్షరాలనే వాడుతున్నది. 1982లో అమెరికాలోనే జెన్‌బ్యాంక్ అనే డి.ఎన్.ఏ. భాండాగారం వెలసింది. మానవుని జన్యుగ్రంథంలో సుమారు మూడు వందల కోట్ల అక్షరాలున్నాయి. వాటిని చదవడం ఎంత గొప్పయో, ఏ అక్షరం ఎవరిదో తప్పకుండా గుర్తుంచుకొనడం అంత అవసరం. మాకు కష్టం వచ్చింది ఈ రెండో చోటనే.

మా వద్దకు వచ్చే పత్రాలు కొన్ని తెలుగులో, కొన్ని ఉర్దూలో, కొన్ని ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగు లిపి ప్రతి అచ్చునూ చూపుతుంది. ఉర్దూ లిపిలో హ్రస్వాచ్చులను సాధారణంగా వ్రాయరు, చదివేవారే గ్రహించుకోవాలి. ఇంగ్లీషులో వ్రాసే గుమాస్తా తన చెవికి తోచినట్లు వ్రాస్తాడు. కావున ఒకే పేరు మహమ్మద్, మొహమ్మద్, మహ్మద్ అని మూడు రూపాలు దాలుస్తుంది. తొందరలో ఉన్నవారు దానిని రెండే ఇంగ్లీషు అక్షరాలకు కుదించి ‘ఎండి’ చేస్తారు. లక్ష్మమ్మ ఒక పత్రంలో లచ్చమ్మ అవుతుంది. ఇంటిపేరు ఒకసారి ముందు, ఒకసారి వెనుక, ఒకసారి పొడి అక్షరంగా వస్తుంది. వయసు అడిగితే పెద్దలు యాభై అనో అరవై అనో చెబుతారు గాని, యాభై మూడని చెప్పేవారు తక్కువ. ఒక పరీక్షశాల చక్కెరను డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములని వ్రాస్తే, వేరొక కొలమానం పాటించే పరీక్షశాల అదే మోతాదును 7 అని వ్రాస్తుంది. రెండూ నిజమే. కొలమానం ప్రక్కన లేకపోతే రెండూ పనికిరావు.

రెండు భాషల కళాశాలలో చదివినందుకు ఈ చిక్కులు విప్పడంలో మాకు కొంత పేరు వచ్చింది. ఆ పేరే మమ్ములను దెబ్బతీసింది.

ఒకనాడు పట్టికను సరిచూస్తుండగా ఒక వింత కనబడింది. ఒక రోగికి మొదటి సంవత్సరం 58 ఏళ్ళు, మరుసటి సంవత్సరం 44 ఏళ్ళు! పేరు ఒకటే, భర్త పేరు ఒకటే, బస్తీ ఒకటే. వయసు తగ్గే మనిషి లోకంలో లేదు గనుక ఇది చేతిపొరపాటని నవ్వుకున్నాము. 44 కొట్టివేసి 59 వేశాము. వేసిన చెయ్యి ఎవరిదో ఇక్కడ చెప్పము. ఆ దినపు కాగితం మీద ముగ్గురమూ సంతకం చేశాము.

ఎనిమిది నెలల తరువాత డి.ఎన్.ఏ. ఫలితాలు వచ్చాయి. మనిషి చిక్కిపోవచ్చు, ముసలివాడు కావచ్చు, చక్కెర పెరగవచ్చు తగ్గవచ్చు. పుట్టుకతో వచ్చిన డి.ఎన్.ఏ. అక్షరాలు మాత్రం ఏ ఏడాది రక్తం తీసినా ఒకటిగానే కనబడాలి. అందుచేత ఒకే సంఖ్య క్రింద వచ్చిన రెండు నమూనాలను ఎన్నో స్థానాలలో పోల్చి చూడడం ఆచారం. ఆ సంఖ్య క్రింది రెండు నమూనాలూ కలవలేదు. ఒకటి రెండు చోట్ల తేడా వస్తే యంత్రం పొరపాటనవచ్చు. ఇవి అడుగడుగునా వేరు. మాకు ముచ్చెమటలు పోశాయి. పాత పత్రాలు తీయించాము. 44 మీద మా గీత, ప్రక్కన మా 59, క్రింద మా సంతకాలు.

వారు ఇద్దరు. ఒకే బస్తీలో ఒకే పేరు గల ఇద్దరు స్త్రీలు. వారి పేర్లు ఇక్కడ వ్రాయము, అది మా వృత్తిధర్మం. పెద్దామెకు క్రియాటినిన్ 1.9 ఉన్నది, అంటే మూత్రపిండాలు దెబ్బతింటున్నట్లు. చిన్నామెకు 0.8, ఏ దోషమూ లేదు. మేము ఇద్దరినీ ఒకరిని చేసినందువల్ల, ‘ఆ రోగి’ మరుసటి ఏటికి ఆరోగ్యవంతురాలైనట్లు పట్టిక చెప్పింది. వెంటనే పిలిపించవలసినవారి జాబితానుండి పెద్దామె పేరు జారిపోయింది. ఎనిమిది నెలలు ఆమెను ఎవరూ పిలువలేదు.

డాక్టరమ్మగారి గదిలోకి ముగ్గురమూ కలిసే వెళ్ళాము. ఆమె చాలాసేపు పత్రం వంక చూచి, “తప్పు కనబడితే నాకు చూపండి నాయనా, దిద్దకండి. మీరు దిద్దితే నాకు ఇక కనబడదు” అన్నారు. అంతకుమించి ఒక్కమాట అనలేదు. తిట్టి ఉంటే మాకు తేలికగా ఉండేది.

పెద్దామెను ఆ రోజే పిలిపించారు. ఆమె మూత్రపిండాలు మరికొంత క్షీణించాయి గాని, మందులతో నిలబెట్టగల స్థితిలోనే ఉన్నాయి. మేము జరిగినది చెప్పి, ఆమెను క్షమాపణ కోరాము. ఎంత అర్థమయిందో తెలియదు. లేచి వెళ్ళబోతూ మా ఉర్దూ మిత్రుని వైపు తిరిగి, “అబ్ మేరా నాం బరాబర్ లిఖే నా బేటా?” అని అడిగింది. ఇప్పుడైనా నా పేరు సరిగ్గా వ్రాశావు కదా నాయనా అని. అతడు తల ఊపగలిగాడే గాని మాట రాలేదు.

ఇట్టి పొరపాట్లు చిన్న ఊళ్ళలోనే జరుగుతాయనుకోరాదు. 2006లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, కణితిలోని జన్యువుల తీరును బట్టి ఏ క్యాన్సరు మందు ఎవరికి పనిచేయునో ముందే చెప్పవచ్చునని ప్రకటించారు. రోగుల మీద ప్రయోగాలు కూడా మొదలయ్యాయి. హ్యూస్టన్ నగరంలోని కీత్ బ్యాగర్లీ, కెవిన్ కూంబ్స్ అనే గణాంకవేత్తలు ఆ లెక్కలను ఓపికగా తిరిగి వేసి చూశారు. జన్యువుల జాబితా ఒక వరుస క్రిందికి జారిపోయి ఉన్నది. మందుకు లొంగేవి, లొంగనివి అన్న గుర్తులు తారుమారై ఉన్నాయి. 2009లో వారు దీనిని ప్రచురించారు. 2010లో ప్రయోగాలు నిలిచిపోయాయి, 2011లో మూలవ్యాసాన్ని ఉపసంహరించుకున్నారు. ఆ పరిశోధనల దత్తాంశాన్ని కొంత బుద్ధిపూర్వకంగానే మార్చారని 2015లో అక్కడి ప్రభుత్వ విచారణ తేల్చింది. అయినా మొదట పట్టుబడినది ఒక్క వరుస జారుడే.

కొన్నిసార్లు యంత్రమే మనకు చెప్పకుండా ‘దిద్దుతుంది’. సెప్ట్-2 అనే జన్యువు పేరును ఎక్సెల్ పట్టికలో వేస్తే, అది సెప్టెంబరు 2వ తేదీ అనుకొని మార్చివేసేది. ఇటువంటి పొరపాట్లు ఎన్నో ప్రచురిత వ్యాసాలలో దొర్లినట్లు 2016లో వెల్లడైంది. చివరకు 2020లో జన్యువుల నామకరణ సంఘంవారు జన్యువుల పేర్లనే మార్చుకున్నారు. సెప్ట్-2 ఇప్పుడు సెప్టిన్-2. ఆ వార్త చదివి లోకం నవ్వింది. మాకు మా 59 గుర్తుకు వచ్చింది.

ఇప్పుడు మా గదిలో మూడు నియమాలున్నాయి. మొదటి పత్రాన్ని ఎవరూ ముట్టరాదు. ఖాళీని ఊహతో నింపరాదు. తెలియకపోతే తెలియదనే వ్రాయాలి. ఏ మార్పయినా ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేశారో చిట్టాలో ఎక్కించాలి, పాత అంకె ప్రక్కనే నిలిచి ఉండాలి. పేర్లు కలిసినంత మాత్రాన మనుషులను కలపము. అనుమానం వస్తే ఇద్దరినీ ఇద్దరుగానే ఉంచి, మనిషిని పంపి కనుగొంటాము.

సోదర విద్యార్థులారా, సోదరీమణులారా! మీలో కొందరు వైద్యులు అవుతారు. సీటు రానివారు నిరాశపడి, జీవశాస్త్రం చదివి ఏమి లాభమని మావలెనే దిగులుపడతారు. అట్టివారికి మా బల్ల దగ్గర చోటున్నది. గణితం కొంచెం నేర్చుకోండి, కంప్యూటరుకు పని చెప్పడం నేర్చుకోండి. మీ పక్క బల్ల మీద కూర్చున్నవారి లిపిని మాత్రం ఈ ప్రాంగణంలో ఉండగానే నేర్చుకోండి. మేము మా మిత్రుని వద్ద అలిఫ్, బే ఇప్పుడు దిద్దుకుంటున్నాము. అతడు మా వద్ద గుణింతాలు దిద్దుకుంటున్నాడు. చిన్నప్పుడే నేర్చుకుని ఉంటే బాగుండేది.

పెద్దామె ఇప్పుడు మూడు నెలలకొకసారి వస్తున్నది. వచ్చినప్పుడల్లా తన పత్రం చూపించమంటుంది. ఆమెకు చదువు రాదు. అయినా మేము తీసి, పేరును ఉర్దూలోనూ తెలుగులోనూ వేలు పెట్టి చూపిస్తాము. ఆమె చూచి, సరేనని వెళుతుంది.