జాడీ వయసు

ఏడాది దాటిన ఆవకాయ గొప్పదంటే నేను ఒప్పుకోను. ఈ మాటకి జంషెడ్‌పూర్ కద్మాలో ఏ తెలుగింట్లోనూ నాకు మారు వడ్డించకపోవచ్చు. ఉక్కు కర్మాగారంలో పనికని తాతల నాడు ఉత్తరాంధ్ర నుంచి వచ్చి, సాక్చి జంషెడ్‌పూర్ అయిన 1919 నాటి కబుర్లు చెప్పుకునే కుటుంబాలు. క్వార్టర్ ఎంత ఇరుకైనా జాడీలకో అర ఉంటుంది. ఎండ పడని గోడవార, పిల్లల తడిచేతులు అందని ఎత్తున.

రెండు మూడేళ్ల సరుకు దింపించి వరసగా రుచి చూడండి. వేడన్నం, నెయ్యి, ముద్దకీ ముద్దకీ నడుమ గుక్కెడు మజ్జిగ. వాసెన విప్పగానే ముక్కు చెప్పాలి ముందు. ఆవపిండికి తడి తగిలితే పుట్టే ఘాటు అది, గాలికి ఎగిరిపోయే రకం. నెలలు గడిస్తే తగ్గక తప్పదు. తర్వాత ముక్క: టెంక అంటుకున్న చోట పంటికి గట్టిగా తగలాలి. పెట్టిన కొత్తలో ఉప్పు దారి ఉప్పుది, పులుపు దారి పులుపుది. శ్రావణానికి రెండూ కుదురుకుంటాయి. అదీ దాని మంచి వయసు. మరుసటి వేసవికి ముక్క మెత్తబడి, ఎరుపు మాసి, నూనె కంపు మొదలవుతుంది. అప్పుడు పొగిడేది రుచినా, ఇల్లాలి ఓపికనా?

ఖర్కాయీ, సువర్ణరేఖల నడుమ వానాకాలపు చెమ్మకి భయపడి ఇక్కడ కొందరు ఉప్పు ఎక్కువే వేస్తారు. బూజు రాదు, నిజమే. ఉప్పు తప్ప ఇంకేమీ తెలియదు కూడా. ఊళ్లో సులువుగా దొరికేది ఆవనూనె కదా అని అదే పోస్తే ఇంకా మార్కులు కోస్తాను. ఆవ మీద ఆవ పడితే మామిడికాయకి చోటెక్కడ? నువ్వుల నూనె తెప్పించుకోవాల్సిందే.

వయసు కలిసొచ్చేది నిమ్మకాయకి. ఉప్పూ పసుపూ తప్ప మరేమీ లేకుండా ఊరిన కాయ ఏటేటా ముదురు రంగు తిరిగి, చివరికి కాటుకలా నల్లబడుతుంది. తొక్క చేదు విరిగి, వేలితో నొక్కితే పేస్టవుతుంది. జ్వరం పడి లేచినవాళ్లకి పథ్యంలో పెట్టేది దీన్నే. ఉప్పుతో తొక్కిన చింతకాయదీ ఇదే దారి. కావలసినప్పుడు ముద్ద తీసి, మిరపకాయలు, మెంతులు, ఇంగువ వేయించి కలిపి నూరుకుంటే సరి.

ఆవకాయ ఏడాదికి సరిపడా పెట్టుకోండి, చాలు. ఎవరింట్లోనైనా నల్లబడ్డ నిమ్మకాయ కనిపిస్తే మాత్రం మొహమాటపడకుండా ఓ ముక్క అడిగి వేయించుకోండి.