పాతబస్తీ దర్బారు పాము

చార్మినారు చూడబోయినవారు సాధారణంగా గాజుల దుకాణాల దగ్గరే ఆగిపోతారు. లాడ్ బజారు వెనుక సందుల్లోకి వెళ్ళేవారు అరుదు. 1591లో కట్టిన ఆ మినారుల చుట్టూ పెరిగిన యీ బస్తీలో రాతిగోడలు, సున్నపు గచ్చు, ఎత్తయిన దర్వాజాలు గల పాత యిళ్ళు యిప్పటికీ కొన్ని మిగిలి వున్నాయి. వాటిలో మనుషులు తగ్గారు గాని బల్లులు తగ్గలేదు. ఆ బల్లులను వెతుక్కుంటూ రాత్రిపూట వచ్చే పెద్దమనిషి ఒకడున్నాడు. నేను చెప్పబోయేది ఆయన సంగతే.

మొన్నటి వానాకాలంలో శాలిబండ దగ్గర ఒక మిత్రుని యింట భోజనానికి కూర్చున్నాము. వంటింట్లోంచి "పాము! పాము!" అని కేక. వెళ్ళి చూస్తే, మూరెడు పాము గోడమీద నిటారుగా పైకి పాకుతున్నది. గోధుమరంగు ఒళ్ళు, మెడ దగ్గరనుంచి తెల్లని అడ్డపట్టీలు.

"కట్లపాము!" అంటూ మిత్రుని కొడుకు కర్ర ఎత్తాడు.

"ఆగు బేటా! దూరంగా నిలబడి ముందు సరిగ్గా చూడు" అన్నారు తాతగారు.

"కాటేస్తే, దాదాజాన్?"

"కర్ర పట్టుకుని దగ్గరికి పోతేనే కాటేస్తుంది."

పాములు పట్టేవారికి ఫోను చేశాము. వచ్చినాయన దాన్ని చూసి నవ్వాడు. విషం లేని పాము! ఆంగ్లంలో దీన్ని తోడేలు పాము అంటారు. ముందు పళ్ళు పొడుగ్గా వుండడం చేత ఆ పేరు. 1758లో లిన్నేయస్ పండితుడు దీనికి లాటిన్‌లో "ఆలికస్" అని పేరు పెట్టాడు. ఆ మాటకు రాజాస్థానానికి చెందినది అని అర్థం. నవాబుల బస్తీకి యింతకంటె తగిన పామేది!

మరి కట్లపామని ఎందుకు భ్రమపడతాము? వేషం అలాంటిది. పోలీసు చొక్కా తొడుక్కున్న గుమాస్తా అన్నమాట! పరీక్షగా చూస్తే మాత్రం తేడా వున్నది. తోడేలు పాముకు పట్టీలు మెడవైపు వెడల్పుగా, స్పష్టంగా వుండి, తోకవైపు పోనుపోను మాసిపోతాయి. కట్లపాముకు మెడవైపు పట్టీలు వుండవు, లేదా లీలగా వుంటాయి. వెనక్కు పోయినకొద్దీ సన్నని తెల్లగీతలు, తరచు జంటలుగా, తేలివస్తాయి. దాని వెన్నుపూస వెంబడి ఆరుపలకల పెద్ద పొలుసుల వరుస కూడా వుంటుంది. తోడేలు పాముకు అది లేదు. గోడ ఎక్కడంలో తోడేలు పాము దిట్ట. అయితే కట్లపాము కూడా ఎప్పుడైనా పైకెక్కవచ్చు గనుక అదొక్కటే గుర్తు కాదు.

ఈ పొరపాటు రెండువైపులా ప్రాణాంతకమే. కట్లపామనుకొని యీ సాధుజీవిని చంపుతాము. సాధుజీవే అనుకొని కట్లపామును చేత్తో పట్టామా, మన ప్రాణమే పోతుంది. కట్లపాము కాటు నొప్పి తెలియదు. ఒక్కోసారి గాటు కూడా కనబడదు. నేలమీద నిద్రపోయేవారినే అది ఎక్కువగా కరుస్తుంది. తెల్లవారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, ఆపైన ఊపిరి అందకపోవడం! మంత్రాలకూ వేరుమందులకూ పొద్దుపుచ్చకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర - యీ నాలుగింటి విషానికీ పనిచేసే ఒకే విరుగుడు మందు మనదేశంలో తయారవుతున్నది. అంచేత కరిచిన పామును వెంటాడి చంపి ఆసుపత్రికి మోసుకుపోనక్కరలేదు.

అందువల్ల సామాన్యులకు పనికివచ్చే సూత్రం ఒక్కటే: గుర్తు తెలియకపోతే విషపామనే అనుకో, దూరంగా వుండు, చంపకు, పట్టకు, తెలిసినవారిని పిలువు.

ఆ రాత్రి మా అతిథి సంచిలో ఎక్కి సెలవు తీసుకున్నది. మరునాడు తాతగారు వడ్రంగిని పిలిపించి తలుపుకింద సందులు మూయించారు. అంతవరకు నేలమీద పరుపులు పరుచుకునే పిల్లలందరికీ మంచాలు వేయించి, దోమతెరలు కట్టించారు.

"వచ్చింది దర్బారు పామే కదా, యింత హడావుడి ఎందుకు?" అన్నాను.

"ఈసారి వచ్చింది గుమాస్తా. రేపు నిజం పోలీసే రావచ్చు" అన్నారాయన.