తుడిచిన మాట

మూడేండ్ల క్రిందట ఎనిమిదవ తరగతి పిల్లలు తమ యిండ్లలో వినిన తెలుగు మాటలను కూర్చుటకై నేనొక నోటుపుస్తకము పెట్టించితిని. చిక్కపేట పట్టుబట్టల అంగళ్ల వెనుక సందులలో నేటికిని తెలుగు వినబడును. అయితే అది నేను ఆంధ్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందిన నాళ్లలో వినిన తెలుగు కాదు. ఆ భేదమును నేను చాలకాలము తప్పుగా నెంచితిని.

ఒక బాలిక తమ యింటి ఉగాది వంటలోని “ఓళిగ”ను గూర్చి, తన అవ్వ చెప్పిన వివరముతో, పెన్సిలుతో నాలుగు పంక్తులు వ్రాసినది. అది కన్నడపు మాట యని తలచి, రబ్బరుతో ఆ పంక్తులన్నియు తుడిచి, అచ్చట “బొబ్బట్టు” అని సిరాతో వ్రాసితిని. అనంతపురము వైపు తెలుగువారును ఓళిగ యనియే యందురని తరువాత నెరిగితిని. అప్పటికి ఆ అవ్వ లేదు. బాలికకు ఆ పంక్తులు జ్ఞాపకము లేవు.

ఈ సంగతి మన పూర్వవిద్యార్థి యొకనితో చెప్పగా, “ఆ పుస్తకాన్ని వికీగా చేసి గిట్‌లో దాచుదాం సార్” అనెను.

వికీ యనగా పదిమందియు చదివి, పదిమందియు దిద్దగల పుటల కూర్పు. మొదటి దానిని 1995లో వార్డ్ కనింగ్‌హామ్ అను అమెరికా దేశీయుడు వెలువరించెను. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియా తన పుటలను, వాని పూర్వరూపములను డేటాబేసునందు భద్రపరచును. ఇకీవికీ వంటివి వేరొక త్రోవ త్రొక్కినవి. వానిలో ప్రతి పుటయు ఒక సామాన్యమైన ఫైలు. ఆ ఫైళ్లను కాపాడు పని గిట్‌ది. లినక్స్ ప్రోగ్రాము పాఠమును కాపాడుటకై 2005లో లైనస్ టోర్వాల్డ్స్ దీనిని నిర్మించెను.

ఎవరు, ఎప్పుడు, ఏల మార్చిరో గిట్ ప్రతి మార్పునకును వ్రాసియుంచును. క్రొత్తది వచ్చినను పాతది పోదు. ప్రతి నమోదునకును అందలి విషయమును బట్టి గణించిన నలుబది అక్షరముల గుర్తు ఉండును. ఒక్క అక్షరము మారినను ఆ గుర్తే మారిపోవును గనుక, పాత పుటను గుట్టుగా దిద్దుట సాగదు. చరిత్ర యంతయు ప్రతి పూర్తి నకలులోను ఉండును. బడిలోని కంప్యూటరు చెడినను ఒక పిల్లవాని యింటి నకలు చాలును.

నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది మరియొకటి. ఇద్దరు ఒకే పంక్తిని వేర్వేరుగా దిద్దినచో గిట్ తీర్పు చెప్పదు. రెండు పాఠములను ఒకదాని క్రింద నొకటి చూపి, మనుష్యుని కొరకు ఆగును. నేను ఆగలేదు.

మొదట నా బొబ్బట్టునే వికీలో ఎక్కించితిని. ఆ బాలిక, ఇప్పుడు పదునొకండవ తరగతికి పోవునది, వచ్చి దానిని ఓళిగగా మార్చి, కారణము వ్రాయుచోట “మా అవ్వ ఇట్లే అనేది” అని చేర్చినది. రెండును ఉన్నవి. ఆ నాలుగు పంక్తులు మాత్రము గిట్ ఎరుగదు. ఓళిగ చేయుట తెలిసిన పెద్దలు ఇంట నున్నచో, వారి మాటలలోనే పిల్లలచే వ్రాయించి పంపవలెనని తల్లిదండ్రులను వేడుచున్నాను. పెన్సిలుతో వ్రాసినను సరియే, నేను తుడువను.