డోర్నకల్‌కు వచ్చిన తమిళ అయ్యగారు

కాజీపేట నుండి విజయవాడ వైపు వెళ్ళే రైలుమార్గంలో మహబూబాబాద్, గార్ల దాటిన తరువాత వచ్చేది డోర్నకల్ జంక్షన్. కొత్తగూడెం, మణుగూరు వైపు లైను చీలేది ఇక్కడే. అందుచేత ఎప్పుడు చూసినా బొగ్గు వ్యాగన్లు కనిపిస్తుంటాయి. స్టేషను బయట టీ కొట్లు, ఆటోలు, చుట్టుపట్ల తండాల నుండి పనుల మీద వచ్చిన లంబాడా అమ్మలు. ఊరు చిన్నదే. ప్రయాణికుల్లో చాలామందికి ఇది బండి మారే చోటు మాత్రమే. అయినా ప్రియ పాఠకులారా, వీలు చిక్కితే ఒక పూట ఇక్కడ దిగండి.

చూడవలసినది ఎపిఫనీ కెథడ్రల్. దూరం నుండి చూసినవారు మసీదు అనుకున్నా తప్పు లేదు. గుమ్మటాలున్నాయి, మినార్లున్నాయి. దగ్గరకు వెళితే రాతి స్తంభాలు గుడి మండపాన్ని తలపిస్తాయి. పైన సిలువ ఉంటుంది. ఇంగ్లాండు నుండి నమూనా తెప్పించి కట్టిన గుళ్ళు మన దేశంలో చాలా ఉన్నాయి. ఇది అలాంటిది కాదు. ఈ నేల మీద హిందువులు, ముస్లిములు కట్టుకునే తీరులోనే క్రైస్తవులు కూడా ప్రభువుకు మందిరం కట్టుకోవచ్చునని దీన్ని తలపెట్టినవారు నమ్మారు. ఎన్నో ఏళ్ళపాటు సాగిన పని ముగిసి, 1939 జనవరి 6న, అంటే ఎపిఫనీ పండుగనాడే, ప్రతిష్ఠ జరిగింది. తూర్పు దేశపు జ్ఞానులు, పరాయివారై ఉండి కూడా, బాలయేసును వెదుక్కుంటూ వచ్చిన సంగతిని తలచుకునే పండుగ అది. ఆ పేరు ఈ మందిరానికి చక్కగా అమరిందని నాకనిపిస్తుంది. ఎందుకంటే దీన్ని కట్టించిన బిషప్ అజరయ్య గారు కూడా ఈ నేలకు పరాయివారే.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1874లో తిరునల్వేలి ప్రాంతంలోని వెళ్ళాలన్‌విళై అనే ఊళ్ళో పుట్టారు. తండ్రి పల్లెటూరి పాదిరి. మాతృభాష తమిళం. విదేశీయులు వచ్చి మనకు సువార్త చెప్పారు సరే, మనం ఎవరికి చెప్పాం అనే ప్రశ్న ఆయనను వదలలేదు. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులతో ఒక మిషనరీ సంఘం స్థాపించుకున్నారంటే అందులో ఆయన పాత్ర పెద్దది. ఆ సంఘం ఎన్నుకున్న పొలం నైజాం రాజ్యంలోని ఈ డోర్నకల్ ప్రాంతం. వై.ఎం.సి.ఎ.లో మంచి ఉద్యోగం వదిలిపెట్టి 1909లో ఆయనే స్వయంగా ఇక్కడికి వచ్చారు. అప్పటికి ముప్పై అయిదేళ్ళ వయసు. ఆ వయసులో తెలుగు నేర్చుకున్నారు.

మరుసటి ఏడు ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగం చాలామంది దొరలకు మింగుడుపడలేదు. మీ త్యాగాలకు, మీ దానాలకు మేము కృతజ్ఞులమే, కాని మాకు కావలసింది స్నేహం అన్నది ఆయన మాటల సారాంశం. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్పుగా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే.

దొరలు తనతో కలిసి కూర్చోవాలని కోరిన మనిషికి ఇక్కడ మరొక పరీక్ష ఎదురయింది. తెలుగు నేర్చుకోవడం కష్టమే అయినా అది పుస్తకంతో, ఓపికతో అయ్యే పని. మాలపల్లెకూ మాదిగపల్లెకూ మధ్య ఉన్న దూరం అలాంటిది కాదు. ఇరువైపుల నుండీ జనం ప్రభువును నమ్ముకుని వస్తున్నారు. వచ్చినవారు ఒకే బల్ల దగ్గర ప్రభురాత్రి భోజనం తీసుకోవాలి. ఆ నాలుగడుగులు దాటడం తిరునల్వేలి నుండి డోర్నకల్ రావడం కన్నా దూర ప్రయాణం. ఆయన ఎడ్లబండి మీదా, సైకిల్ మీదా ఊరూరా తిరిగి పట్టుబట్టింది ముఖ్యంగా దీని గురించే: కులం, తాగుడు విడిచిపెట్టాలి, పిల్లలను బడికి పంపాలి. అంతా సాధించారని చెప్పలేం. దూరదేశపు మిషనుకు సంతోషంగా కానుక పంపి, పక్క పేటలోని విశ్వాసి ఇంట పెళ్ళి భోజనానికి మాత్రం వెళ్ళని కుటుంబాలను ఈనాటికీ మనం ఎరుగుదుం.

బాప్తిస్మం పొందినవారి చేత ఆయన తమ తల మీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పౌలు కొరింథీయులకు రాసిన భావాన్ని చెప్పించేవారట. చదువు రాని కూలివాడు ఏం ప్రకటిస్తాడని మనకు సందేహం కలుగుతుంది. దీనికి జవాబు 1930ల నాటికి కనిపించింది. ఈ మేత్రాసనంలో వ్యవసాయ కులాలవారు వేల సంఖ్యలో బాప్తిస్మం కోరి వచ్చారు. తమ పొలాల్లో పనిచేసే మాల మాదిగ క్రైస్తవుల బ్రతుకులో వచ్చిన మార్పు చూసి వచ్చామని వారిలో అనేకులు చెప్పారు. తాగడం మానినవాడు, ఇల్లు శుభ్రంగా ఉంచుకున్నావిడ, సాయంత్రం పాట పాడుకునే కుటుంబం, వీరే బోధకులయ్యారు. 1935 నాటికి ఇక్కడ 250 మంది గురువులు, 2,000 మందికి పైగా గ్రామ ఉపాధ్యాయులు ఉన్నా, మొదటి సాక్ష్యం మాత్రం పొలం గట్టు మీదే జరిగింది.

అజరయ్య గారు క్రైస్తవుల కానుకల గురించి ఒక పుస్తకమే రాశారు. బీదవారు కూడా ఇవ్వాలి, ఇవ్వగలరు అన్నది ఆయన పట్టుదల. తెలుగు సంఘాలలో పిడికెడు బియ్యం అలవాటు మీకు తెలిసిందే. అన్నం వండేముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి ప్రభువు కోసం వేరే డబ్బాలో వేయడం. ఈ ప్రాంతంలో ఒక పెద్దమ్మను అడిగాను, ఇంకా తీస్తున్నావా అమ్మా అని. "తీస్త సార్. మా అత్తమ్మ నేర్పింది. ఆమె కూలికి పోయిన దినాన్నే తీసేది, పోని దినం ఏం లేకుండె. ఇప్పుడు కొడుకు నౌకరి చేస్తుండు, రోజూ తీస్త" అంది. పక్కింటి లంబాడా ఇల్లాలు జ్వరంతో పడుకున్నప్పుడు ఆ డబ్బాలోంచే బియ్యం ఇచ్చిందట. "అయ్యగారిని అడిగిన, గుడి బియ్యం గదా అని. ఇయ్యి, అవి ఎవరివో ఆయనకు తెలుసు అన్నడు" అని నవ్వింది.

1945 జనవరి 1న అజరయ్య గారు డోర్నకల్‌లోనే ప్రభునందు నిద్రించారు. ఎన్నో ఏళ్ళు ఆయన పాటుపడిన సంఘాల ఐక్యత, దక్షిణ ఇండియా సంఘంగా, 1947 సెప్టెంబరు 27న నెరవేరింది. అది చూడడానికి ఆయన లేరు. ఆయన సమాధి తిరునల్వేలిలో లేదు, ఇక్కడే ఉంది, తాను నేర్చుకున్న భాష మాట్లాడే జనం మధ్య.