అయిదో చేటు

నవ్వు నాలుగు విధాల చేటన్నారు పెద్దలు. అయిదోదొకటుంది. అది ఆడవాళ్లకే తెలుసు. తెలిసినా పైకి చెప్పుకోరు.

రెండేళ్ల కిందట మొవ్వలో, మా వీధిలోనే, ఒక సీమంతం. ఎవరో ఏదో హాస్యమాడారు. అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను, ఆ వెంటనే గోడవారకు జరిగి పీటమీద కూలబడ్డాను. చీర తడిసింది. దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా ఇదే వరస. బందరు బస్సెక్కడం మానేశాను. పక్కనున్న కూచిపూడిలో నాట్యం చూద్దామంటే తలనొప్పన్నాను. పాపం, మావారు మూడు రకాల మాత్రలు తెచ్చారు!

చివరికి ఒక లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లాను. "మొక్కలకి నీళ్లు పెట్టే గొట్టాన్ని ఎప్పుడైనా తొక్కారా?" అందావిడ. గచ్చుమీద గొట్టాన్ని తొక్కితే నీళ్లాగుతాయి. బురదలో తొక్కితే గొట్టం కిందికి దిగుతుందేగానీ నీళ్లాగవు. రేగడినేల మీద పుట్టిన నాకు ఇంతకంటే విడమరచాలా? మూత్రనాళం ఆ గొట్టం. దగ్గు, తొక్కే కాలు. కింద కండరాలూ పొరలూ అల్లుకున్న ఊయల ఉంటుంది. అది బిగువుగా ఉంటే గచ్చు, వదులైతే బురద. కాన్పుల్లో ఊయల సాగుతుంది, నరాలు నలుగుతాయి. వయసూ, ఏళ్లతరబడి మలబద్ధకం, మోసిన బరువులూ మిగతా పని చేస్తాయి. ఈ ఊయల సంగతి 1994లో డెలాన్సీ అనే అమెరికా డాక్టరు వివరించాడట.

వైద్యం? 1948లోనే కీగెల్ అనే డాక్టరు ఆ కండరాలకు కసరత్తు నేర్పాడు. అపానవాయువును ఆపుకుంటున్నట్టు బిగబట్టాలి, కాసేపుంచి వదలాలి. పూటకి ఎనిమిదిసార్లైనా, రోజుకి మూడు పూటలు, కనీసం మూడు నెలలు. అన్నం ఉడికేలోగా అయిపోతుంది. పక్కవాళ్లకి తెలియను కూడా తెలియదు. దానికీ లొంగకపోతే ఆపరేషన్లున్నాయి. నవ్వూ దగ్గూ లేకుండా, ఉన్నట్టుండి ఆపుకోలేని తొందర వచ్చేది వేరే రకం. దాని వైద్యం కొంత వేరు.

ఇంటికొచ్చి అత్తయ్యగారితో చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "వేణుగోపాలస్వామి గుళ్లో ప్రదక్షిణలు ఎందుకు మానేశాననుకున్నావే?" అన్నారు. ముప్పయ్యేళ్లుగా ఆవిడకి భక్తి తగ్గిందనే అనుకున్నాం మేమంతా.

ఇప్పుడు పొద్దుటే ఇద్దరం హాల్లో చెరో కుర్చీలో కూర్చుని, ఎదురుగోడ చూస్తూ కసరత్తు చేస్తాం. నాలుగో నెలలో కాబోలు, మావారు పేపరు దించి అనుమానంగా చూశారు. "ఏమిటి, అమ్మా నువ్వూ మాట్లాడుకోవడం లేదా?"

అత్తయ్యగారు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ సంగతి నేనడగలేదు గానీ, నేను మాత్రం గోడవారకు జరగలేదు.